విహార నౌకల్లో పన్నెండేళ్లు దాటిన పిల్లలు: రాత్రి గడువు, ఇంటి నియమాలు

విశాఖపట్నం: విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై రేవులకు ‘ఎంప్రెస్’ విహార నౌక 2022 జూన్‌లో తొలిసారి బయలుదేరిన నాటి నుంచి సముద్ర విహారం తెలుగు కుటుంబాలకు చేరువైంది. విశాఖ నౌకాశ్రయంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌కు 2023 సెప్టెంబర్‌లో ప్రారంభోత్సవం జరిగింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు, ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని, ఫ్లోరిడా రేవుల నుంచి కరీబియన్ దీవులకు వెళ్లిరావడం అంతకు ముందు నుంచే ఉన్నది. టికెట్టు, భోజనం, సామాను గురించి నెలల ముందుగా ఆలోచించే ఈ కుటుంబాలలో పలువురు, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు రాత్రి ఎన్ని గంటలకు క్యాబిన్‌కు చేరాలన్న సంగతిని మాత్రం నౌక కదిలిన తరువాత, తొలి రాత్రి పిల్లవాడు కనిపించనప్పుడు గాని చర్చించరు. ఆ చర్చ టెర్మినల్‌లో అడుగుపెట్టక ముందే ముగియవలసి ఉన్నది.

పన్నెండేళ్ల వయసునే ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం ఉన్నది. పెద్ద నౌకల్లో చిన్న పిల్లల కోసం నిర్వహించే క్లబ్బులలో బిడ్డను అప్పగించేటప్పుడు, తిరిగి తీసుకునేటప్పుడు తల్లి లేదా తండ్రి సంతకం చేయవలసి ఉంటుంది. కౌమార వయస్కుల క్లబ్బులలో ఈ పద్ధతి సాధారణంగా ఉండదు. కార్నివాల్, ఎంఎస్‌సి వంటి సంస్థలు 12-14 ఏళ్ల వారికి ఒకటి, 15-17 ఏళ్ల వారికి ఒకటి చొప్పున వేర్వేరు క్లబ్బులు నడుపుతాయి. అక్కడికి పిల్లలు తమంతట తామే వస్తారు, తమంతట తామే వెళతారు. నిర్వాహకులు ఆటపాటలను పర్యవేక్షిస్తారే తప్ప తలుపు దాటి వెళ్లిన పిల్లవాడు ఎటు వెళ్లాడో చూడరు. పన్నెండో పుట్టినరోజుతో కావలి మారిపోయిందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ‘క్లబ్బులోనే ఉన్నాడు కదా’ అన్న భరోసాతో వారు నిద్రకు ఉపక్రమిస్తారు.

నౌక విధించే గడువు వేరు, ఇంటి గడువు వేరు

నౌకా సంస్థలు తమ నియమావళిలో ‘కర్ఫ్యూ’ అనే పదాన్ని వాడుతున్నాయి. మన వాడుకలో ఈ మాట వినగానే లాఠీలు, మూసిన దుకాణాలు స్ఫురిస్తాయి గనుక, ఇంట్లో పిల్లలతో మాట్లాడేటప్పుడు ‘గది చేరే వేళ’ అనడమే మేలు. కార్నివాల్, రాయల్ కరీబియన్ సంస్థలు ప్రకటించిన నియమాల ప్రకారం 17 ఏళ్లు, అంతకు లోపు వయసు గలవారు రాత్రి ఒంటి గంట దాటిన తరువాత పెద్దల తోడు లేకుండా బహిరంగ ప్రదేశాలలో తిరగరాదు. ఇది పదిహేడేళ్ల యువకుడిని దృష్టిలో ఉంచుకుని గీసిన చివరి గీత. పన్నెండేళ్ల బిడ్డకు రాత్రి ఒంటి గంట వరకు అనుమతి లభించిందని దీనిని అర్థం చేసుకోవడం పొరపాటు. నౌకా సిబ్బంది చూసేది నడవాలు సద్దుమణిగాయా లేదా అన్నంత వరకే. మీ బిడ్డ మీ గదిలో ఉన్నాడా లేదా అన్నది వారి లెక్కలోకి రాదు.

గడువు వేళ ప్రయోజనమేమిటన్నది ఇక్కడ స్పష్టం కావలసి ఉన్నది. క్రమశిక్షణ కోసమేనని పిల్లలు, నిద్ర కోసమని పెద్దలు భావిస్తారు. వాస్తవానికి, పిల్లవాడు ఉండవలసిన చోట లేడన్న సంగతి పెద్దలకు తెలిసే క్షణమే గడువు వేళ. 18 నాట్ల వేగంతో సాగే నౌక ఒక గంటలో సుమారు 33 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. రాత్రి పదిన్నరకు కనిపించకుండా పోయిన బిడ్డ సంగతి పదకొండుకు తెలియడానికి, ఉదయం ఫలహారం వేళ ఏడు గంటలకు తెలియడానికి మధ్య 260 కిలోమీటర్లకు పైగా సముద్రం ఉంటుంది. చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి చూశారన్న ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఉంటేనే నౌక లోపల గాని, వెలుపల గాని గాలింపు సార్థకమవుతుంది. అత్యధిక సందర్భాలలో పిల్లవాడు ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గరో, కొత్త స్నేహితులతో పై డెక్కు మీదో దొరుకుతాడు. నియమం మాత్రం మిగిలిన ఆ ఒక్క సందర్భం కోసమే.

అందుచేత రాత్రి గడువు ఒక్కటే సరిపోదు. పగటి వేళ కూడా రెండు మూడు గంటలకు ఒకసారి ముఖాముఖి కనిపించే ఏర్పాటు ఉండాలి. మధ్యాహ్న భోజనం వేళ ఫలానా అంతస్తు మెట్ల దగ్గర, సాయంత్రం అయిదింటికి క్యాబిన్‌లో, రాత్రి భోజనానికి అందరూ ఒకే బల్ల వద్ద అని ముందే నిర్ణయించుకోవచ్చును. సముద్రం మీద మామూలు సిగ్నల్ అందదు. నౌకలోని సెల్యులార్ వ్యవస్థకు ఫోన్ అనుసంధానమైతే రోమింగ్ బిల్లు వేలల్లోకి వెళుతుంది. అందువల్ల ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి, నౌక వైఫైలో సందేశాల సదుపాయం ఉంటే దానిని వాడుకోవాలి. దానిపై పూర్తిగా ఆధారపడరాదు. క్యాబిన్ అద్దానికి అంటించిన కాగితం, దానికొక కలం ఇప్పటికీ మెరుగైన సాధనాలు: ‘9.10 - సినిమా హాలు - అక్కతో’ అని రాసి వెళితే చాలు. విదేశీ ప్రయాణాలలో నౌక పాటించే సమయం, రేవులోని స్థానిక సమయం భిన్నంగా ఉండే అవకాశమున్నది. ఏ గడియారం ప్రకారం పది గంటలు అన్న వాదన రాకుండా పిల్లల చేతికి నౌక సమయానికి సరిచేసిన మామూలు చేతి గడియారం కట్టడం మంచిది.

ఎన్ని గంటలకు అన్న ప్రశ్నకు ఏకైక సమాధానం లేదు. పన్నెండు, పదమూడేళ్ల వారికి రాత్రి పది గంటలు, పద్నాలుగేళ్ల వారికి క్లబ్బులో కార్యక్రమం ఉన్న రోజున పదిన్నర లేదా పదకొండు అన్నది ఆచరణకు అనువైన హద్దుగా కనిపిస్తున్నది. తొలి రాత్రి ఒక గంట తగ్గించి మొదలుపెట్టి, మాట నిలబెట్టుకున్న కొద్దీ అరగంట చొప్పున పెంచడం పెద్దలకూ సులువు, పిల్లలకూ గౌరవం. మొదట విచ్చలవిడిగా వదిలి తరువాత బిగించబోతే ఇంట్లో సాధ్యం కానిది నౌకలో అసలే సాధ్యం కాదు. పెద్దలు నిద్రపోయే వేళకన్నా పిల్లల గడువు ముందుండాలి. ఈ ఒక్క షరతు పాటించని గడువు కాగితం మీదే మిగిలిపోతుంది.

బంధువులతో కలిసి వెళ్లినప్పుడు

మన కుటుంబాల నౌకా ప్రయాణంలో మరొక చిక్కు ఉన్నది. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కుటుంబాలు కలిసి వెళతాయి. నాలుగైదు క్యాబిన్లు, వాటిలో తాతయ్య, అమ్మమ్మ, బాబాయిలు, అత్తయ్యలు ఉంటారు. పిల్లవాడు బాబాయి గదిలో ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని బాబాయి అనుకుంటారు. ఇలా పదిమంది పెద్దల మధ్య బిడ్డ ఎవరి కంటా పడకుండా గంటలు గడిచిపోతాయి. ప్రతి రాత్రికి ఒకే ఒక్క పెద్దను బాధ్యునిగా పేరు పెట్టి నిర్ణయించడం, ఆ రాత్రికి పిల్లలందరూ ఆయనకే లేదా ఆమెకే కనిపించి పడుకోవడం దీనికి విరుగుడు. ఒక ఇంటి పిల్లలకు తొమ్మిదిన్నర, మరొక ఇంటి పిల్లలకు అర్ధరాత్రి అని ఉంటే తొమ్మిదిన్నర గడువు ఎక్కువ సేపు నిలవదు. కనుక ప్రయాణానికి ముందే పెద్దలు ఒక మాట మీదకు రావలసి ఉంటుంది. ఇది పిల్లలతో మాట్లాడటం కన్నా కష్టమైన పని అని అనుభవజ్ఞులు ఒప్పుకుంటారు.

ఆడపిల్లకు ఒక వేళ, మగపిల్లవాడికి మరొక వేళ విధించే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. నౌకలో దీనికి ఆధారం లేదు. రెయిలింగుకు గాని, అపరిచితునికి గాని ఆ తేడా ఉండదు. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం (పోక్సో), 2012 కూడా 18 ఏళ్ల లోపు బాలబాలికలందరినీ ఒకే విధంగా పరిగణిస్తుంది. వయసును బట్టి తేడా చూపడం సమంజసం.

చర్చకు తావు లేని నియమాలు

గడువు వేళను కొంత సడలించవచ్చును గాని, కొన్ని నియమాలలో సడలింపు ఉండరాదు. ఇతరుల క్యాబిన్‌లోకి వెళ్లరాదు, తమ క్యాబిన్‌లోకి ఇతరులను రానివ్వరాదు. ఎదుటివారు ఈడు పిల్లలైనా, నౌకా సిబ్బందిలో ఒకరైనా ఇదే నియమం. క్యాబిన్ నంబరు ఎవరికీ చెప్పరాదు. సిబ్బందికి మాత్రమే ప్రవేశమున్న తలుపులు దాటరాదు. ఎవరైనా చేతికి అందించిన పానీయం తాగరాదు. నౌకలో జారీ చేసే కార్డు తాళంచెవిగాను, డబ్బు సంచిగాను కూడా పనిచేస్తుంది గనుక పిల్లల కార్డుపై కొనుగోళ్లకు పరిమితి విధించవలసిందిగా కౌంటరులో కోరవచ్చును. అన్ని నౌకల్లోనూ ఈత కొలనుల వద్ద రక్షకులు ఉండరన్నది తల్లిదండ్రులు గుర్తించాలి.

రెయిలింగు విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. అమెరికా 2010లో చేసిన విహార నౌకల భద్రతా చట్టం రెయిలింగు ఎత్తు కనీసం 42 అంగుళాలు, అంటే సుమారు 107 సెంటీమీటర్లు ఉండాలని నిర్దేశించింది. నిలబడి ఉన్న మనిషి దాని మీదుగా పొరపాటున పడిపోవడం కష్టం. ఫోటో కోసం ఎక్కి కూర్చున్నా, బాల్కనీ కుర్చీ మీద నిలబడి తొంగిచూసినా ఆ ఎత్తు రక్షణ ఇవ్వదు. సెల్ఫీల కాలంలో ఈ మాట ప్రతి రోజూ చెప్పినా ఎక్కువ కాదు. ఎవరైనా నీటిలో పడటం చూస్తే కేక వేయాలి, దగ్గరున్న లైఫ్ బాయ్ విసరాలి, పడిన వ్యక్తి వైపు చూపు తిప్పకుండా చేయి చాపి నిలబడాలి. పదమూడేళ్ల పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు, నేర్పితే.

అత్యవసర కసరత్తుకు పిల్లలను వెంటబెట్టుకుని హాజరుకావాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా నౌక ప్రమాదానికి గురై 32 మంది మరణించారు. ఆ రోజు నౌక ఎక్కిన వందలాది ప్రయాణికులకు అప్పటికి కసరత్తు జరగలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నిబంధనలను సవరించి, నౌక బయలుదేరక ముందే లేదా బయలుదేరిన వెంటనే కసరత్తు జరగాలని 2015 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఏడు లేదా అంతకు మించి చిన్న కూతలు, వెంటనే ఒక పొడవైన కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం. అప్పుడు పిల్లలు అమ్మానాన్నల కోసం క్యాబిన్‌కు పరుగెత్తాలా, నేరుగా కార్డు మీద ముద్రించిన సమావేశ స్థలానికి వెళ్లాలా అన్నది ఇంటి నియమాలలో చేరవలసిన అంశం. పన్నెండేళ్లు దాటినవారు నేరుగా సమావేశ స్థలానికే వెళ్లాలని, తల్లిదండ్రులు కూడా అక్కడికే వస్తారని ముందుగా చెప్పుకోవడం ఉత్తమం. ఒకరి కోసం ఒకరు ఎదురు నడవాలలో వెతుక్కోవడం ప్రమాదకరం.

ఈ వయసు పిల్లలకే వర్తించే మరొక సూక్ష్మం లైఫ్ జాకెట్. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 15 కిలోల నుంచి 43 కిలోల లోపు బరువున్నవారికి పిల్లల జాకెట్, 43 కిలోలు దాటినవారికి పెద్దల జాకెట్ వర్తిస్తుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు సరిగ్గా ఈ హద్దుకు అటూ ఇటూ ఉంటారు. వయసు చూసి కాక బరువు చూసి, తగినది క్యాబిన్‌లో లేకపోతే తొలి రోజే సిబ్బందిని అడిగి తీసుకోవాలి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని మరువని వారికి ఈ సూచన చాదస్తంగా తోచదు.

గడువు దాటినప్పుడు

పదిహేను నిమిషాలు దాటితే ఒకరు క్యాబిన్‌లోనే ఉండి, మరొకరు ముందుగా అనుకున్న చోట్లు చూసి రావాలి. అక్కడ కనిపించకపోతే క్యాబిన్ ఫోన్ ద్వారా వెంటనే సిబ్బందికి తెలియజేయాలి. అర్ధరాత్రి ఇబ్బంది పెట్టడమెందుకన్న మొహమాటం పనికిరాదు. క్యాబిన్ తలుపు ఎప్పుడు తెరుచుకున్నదీ కార్డు ద్వారా నమోదై ఉంటుంది. నడవాలలో కెమెరాలు ఉంటాయి. వాటిని చూసే సిబ్బందికి కావలసింది పిల్లవాడి ఫోటో, వేసుకున్న దుస్తుల రంగు, చివరిసారి చూసిన సమయం. దొరికిన తరువాత మందలింపు మరునాటికి వాయిదా వేసుకోవడమే మంచిది. శిక్షగా మరుసటి రాత్రి గడువును ఒక గంట ముందుకు జరిపితే చాలు. క్యాబిన్‌లో బంధించి పెద్దలు బయటకు వెళ్లడం మొదటి తప్పుకన్నా పెద్ద తప్పు.

రేవులో నౌక ఆగిన రోజున కూడా పిల్లలు ఒంటరిగా దిగరాదు. తల్లిదండ్రులు కాక తాతయ్య, మేనమామ వంటి వారు పిల్లలను తీసుకువెళుతున్నప్పుడు గుర్తింపు పత్రాలతో పాటు తల్లిదండ్రుల సమ్మతి పత్రాన్ని సంస్థలు కోరవచ్చును. ఆ పత్రంలోనే ప్రయాణంలో పిల్లల బాధ్యత ఎవరిదో రాసుకుంటే పైన చెప్పిన చిక్కు సగం తీరుతుంది.

నౌకలో బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసిన ప్రతి వ్యక్తీ ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికి లేదా స్థానిక పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. ఇది రేవు అధికారులకు, టెర్మినల్ సిబ్బందికి కూడా వర్తిస్తుంది. తీరంలో బాలల సహాయానికి 1098, అత్యవసర సేవలకు 112, సముద్రంలో గాలింపు, రక్షణకు తీర రక్షక దళం నంబరు 1554 అందుబాటులో ఉన్నాయి. ఇటువంటి వార్తలు రాసే పాత్రికేయులు బాధిత బాలల పేరు, ఫోటో, చిరునామా, పాఠశాల, కుటుంబ వివరాలు ప్రచురించడాన్ని అదే చట్టం 23వ సెక్షన్ నిషేధిస్తున్నది. ప్రయాణికుల సంఖ్య పరిమితంగా ఉండే నౌక విషయంలో ప్రయాణ తేదీ, క్యాబిన్ అంతస్తు, తల్లిదండ్రుల ఉద్యోగం కలిపి రాసినా బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. పేరు రాయకపోయినా గుర్తింపు బయటపడితే నిషేధాన్ని ఉల్లంఘించినట్లే.