దూలంలో దాగిన తేమ

వానాకాలం వెళ్ళగానే గోడలకు సున్నం, తలుపులకు రంగు వేయించుకుంటాం. అటక ఎక్కి చూసేవారు మాత్రం అరుదు. పాత పెంకుటింటి పైకప్పు బరువును మోసేవి అక్కడి దూలాలు, వాసాలే. వాటి కిందనే మన పిల్లలు నిద్రిస్తారు.

మా మద్రసాలో విద్యార్థులు పడుకునే గది అటకపై, గోడ చెంత, ఒక దూలానికి నల్లని మరక కనిపించింది. మేము దానిపై రంగు పూయించి ఊరకున్నాం. మరుసటి వానలకు మరక మళ్ళీ తేలింది. వడ్రంగి వచ్చి దూలపు కొసలో దబ్బనం గుచ్చితే సగం వరకు దిగబడింది. ఆ రాత్రే పిల్లలను వేరే గదికి మార్చాం. పగిలిన పెంకు మరకకు తిన్నగా పైన లేదు. రెండు బారల దూరాన, పై వాలులో ఉంది. నీరు వాసం వెంట జారి వచ్చి గోడలోని కొసకు చేరింది. కారణం వెతకకుండా గుర్తును చెరిపివేయడమే మేము చేసిన తప్పు.

కనుక పరీక్ష ఇలా సాగాలి. పగటిపూట నిచ్చెనపై నిలిచి టార్చిలైటుతో చూడాలి. ముక్కిపోయిన వాసన మొదటి సాక్ష్యం. గోడలో దిగిన కొసలను ముందుగా పరీక్షించాలి. తేమ ఎక్కువగా నిలిచేది అక్కడే. కర్రను తట్టితే గట్టి శబ్దం రావాలి, గుల్ల శబ్దం రాకూడదు. కర్ర గడులుగా పగిలి, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంటే అది శిలీంధ్రం వల్ల కలిగిన కుళ్ళు. మట్టి గొట్టాలుంటే చెదలు. సన్నని రంధ్రాల కింద పిండి వంటి పొడి రాలితే తొలిచే పురుగు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చికిత్స. తేమను కొలిచే మీటరు దొరికితే మరీ మంచిది: 20 శాతానికి లోపు తేమ ఉన్న కర్రకు కుళ్ళు పట్టదు. టేకు చేవ చాలాకాలం తట్టుకుంటుంది గాని, చేవ లేని పైపొర తట్టుకోదు.

ఇక నీటి జాడ. మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి, తేదీ వ్రాసి ఉంచండి. వాన తరువాత మరక గీత దాటితే లోపం పైకప్పులో ఉన్నట్లు. వాన లేకుండానే దాటితే నీటి గొట్టాన్నో, ట్యాంకునో, వంటింటి ఆవిరినో అనుమానించాలి. వానలు కురిసినా పెరగక, కర్ర గట్టిగా ఉంటే అది పాత మరక మాత్రమే.

దబ్బనం దిగిన దూలం మీద కాలు మోపరాదు. ముందుగా దాని కింద ఆధారం నిలపాలి. తరువాత నీటిని ఆపాలి, అటకపై సామాను దించి గాలి ఆడనివ్వాలి, కర్ర ఆరాక వడ్రంగి చేత కుళ్ళిన భాగాన్ని మార్పించాలి. రంగు పని అన్నిటికన్నా చివరిది.

ఈసారి వాన వెలిసిన మరునాడే నిచ్చెన వేయండి.