పాత నోటుపై కొత్త సమను.. మౌనంగా ఉంటే ముప్పే
కాలదోషం పట్టిన బాకీకైనా కోర్టులో జవాబు చెప్పాల్సిందే

బాపులపాడు: తోట పెట్టుబడికి తెచ్చిన చేబదులు, ఆసుపత్రి ఖర్చులకు రాసిచ్చిన ప్రోనోటు, వాయిదాలపై కొన్న మోటారు సైకిలు, బంధువు తీసుకున్న రుణానికి పెట్టిన హామీ సంతకం.. ఏనాడో మరచిపోయిన ఇలాంటి బాకీలు ఏళ్లు గడిచాక కోర్టు సమను రూపంలో గడప ముందుకు వస్తుంటాయి. ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది ముఖం చాటేసే మామిడిని నమ్ముకున్న ప్రాంతం ఇది. కాపు మీద తీరుస్తామనుకున్న అప్పు కాపుతో పాటే వెనక్కి జరగడం ఇక్కడ కొత్త కాదు.

సమను అందుకున్న వారిలో కొందరు భయపడి దానిని పెట్టెలో దాచేస్తారు. మరికొందరు మూడేళ్లు దాటింది కాబట్టి నోటు చచ్చిపోయిందన్న ధీమాతో కోర్టు ముఖం చూడరు. రెండూ నష్టం తెచ్చేవే. కాలం చెల్లిన అప్పును కోర్టు ద్వారా వసూలు చేసుకునే హక్కు రుణదాతకు ఉండదు. అయితే ఆ మాట చెప్పవలసిన ప్రతివాది హాజరు కాకపోతే అదే అప్పుకు డిక్రీ వచ్చే ప్రమాదం ఉంది. మూడేళ్లతో ముగిసిపోవలసిన నోటు డిక్రీగా మారితే మరో 12 ఏళ్ల పాటు అమలుకు నిలుస్తుంది.

వచ్చిన కాగితం ఏమిటి?

ముందుగా చేతికందిన కాగితం ఏదో తెలుసుకోవాలి. న్యాయవాది పంపే నోటీసు, లోక్ అదాలత్ నోటీసు, కోర్టు సమను ఒకటి కావు. న్యాయవాది నోటీసు దావాకు ముందు చేసే హెచ్చరిక. దానికి కూడా జవాబివ్వడం మేలు. జవాబివ్వకపోతే ఆరోపణను ఒప్పుకున్నట్లేనని తరువాత కోర్టులో వాదించే వీలుంటుంది. లోక్ అదాలత్ నోటీసు రాజీకి పిలుపు మాత్రమే. ఇష్టం లేకుండా అక్కడ ఎవరూ సంతకం చేయనక్కరలేదు.

సమనుపై కోర్టు ముద్ర, అధికారి సంతకం, దావా నంబరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. దానితో పాటు దావా ప్రతి జతచేసి ఇవ్వాలి. వసూలు ఏజెంట్లు ఫోనుకు పంపే ‘అరెస్టు వారెంటు’ బొమ్మలకు ఈ విలువ లేదు. అనుమానం ఉంటే దావా వివరాలతో కోర్టు కార్యాలయంలో గానీ, ఈ-కోర్టుల వెబ్‌సైటులో గానీ సరిచూసుకోవచ్చు. ప్రతి కేసుకు కేటాయించే 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరుతో వాయిదా తేదీ కూడా తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లగా బాపులపాడు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. కనుక ఏ కోర్టుకు వెళ్లాలో ఊహించుకోకుండా సమనుపై రాసిన కోర్టు పేరు, ఊరు చూసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి రూ.20 లక్షలు, అంతకు మించిన బ్యాంకు బాకీల కేసులు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్తున్నాయి. చిన్న బాకీలు సివిల్ కోర్టుల్లోనే ఉంటాయి.

సమను పుచ్చుకోకపోతే కేసు నడవదన్నది అపోహ. నిరాకరిస్తే కోర్టు సిబ్బంది ఇంటి తలుపునకు అంటించవచ్చు. తప్పించుకు తిరుగుతున్నారని కోర్టు భావిస్తే పత్రికా ప్రకటన ద్వారా కూడా సమను జారీ చేయవచ్చు. రిజిస్టరు పోస్టును తిప్పి పంపినా అందినట్లే కోర్టు పరిగణించవచ్చు.

మూడేళ్ల లెక్క ఇలా..

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అడిగిన వెంటనే చెల్లిస్తామని రాసిన ప్రోనోటుపై, నోటు తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. వాయిదాలపై తీసుకున్న రుణంలో ప్రతి వాయిదాకూ, అది చెల్లించవలసిన తేదీ నుంచి గడువు విడిగా మొదలవుతుంది. స్థిరాస్తి తనఖా ఉన్న బాకీకి గడువు 12 ఏళ్లు. కాబట్టి అన్ని అప్పులకూ మూడేళ్లే అనుకోరాదు.

ఉదాహరణకు 2022 జూన్ 10న రాసిన నోటుపై 2025 జూన్ 10 వరకు దావా వేయవచ్చు. సమను ఎప్పుడు అందిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. దావా దాఖలైన తేదీయే ముఖ్యం. గడువు వేసవి సెలవుల్లో ముగిస్తే కోర్టు తిరిగి తెరిచిన రోజున దాఖలు చేసినా చెల్లుతుంది.

కరోనా కాలపు నోట్ల విషయంలో మరో లెక్క ఉంది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గల కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తూ సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించింది. ఆ ప్రకారం 2019 ఫిబ్రవరి 10 నాటి నోటుకు 2022 ఫిబ్రవరితో తీరవలసిన గడువు 2024 జనవరి ఆఖరు వారం వరకు సాగింది. ఆ రోజుల నాటి నోటుపై దావా వచ్చినప్పుడు వేళ్లపై మూడేళ్లు లెక్కించి ఊరుకుంటే పప్పులో కాలేసినట్లే.

నోటు వెనుక రాత చూశారా?

పాత నోటుకు కొత్త ఊపిరి పోసేది దాని వెనుక వేసే చెల్లు. గడువు తీరకముందే బాకీదారు కొంత సొమ్ము చెల్లించి, ఆ సంగతి తన చేతిరాతతో గానీ తన సంతకంతో గానీ నోటుపై నమోదు చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది. సొమ్ము చెల్లించకపోయినా, గడువులోగా బాకీ ఉన్నట్లు ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరానికీ ఇదే ఫలితం ఉంటుంది.

అందుకే దావా ప్రతి చేతికి రాగానే చూడవలసింది నోటు వెనుక పక్క. చెల్లు రుణదాత రాతలోనే ఉండి, కింద బాకీదారు సంతకం లేకపోతే దానితో గడువు పెరగదు. చెల్లు తేదీ మూడేళ్లు దాటిన తరువాతిదైనా అంతే. తాము వేయని చెల్లు కనిపిస్తే, ఆ సొమ్ము తాము కట్టలేదనీ, ఆ సంతకం తమది కాదనీ జవాబులో స్పష్టంగా రాయాలి. సంతకం పోల్చి చూసేందుకు నిపుణునికి పంపమని కోర్టును కోరవచ్చు.

ఇంటికి వచ్చి రూ.500 ఇస్తే చాలు, ఇక్కడ ఒక సంతకం పెట్టమని అడిగేవారి విషయంలో ఆచితూచి వ్యవహరించాలి. గడువు పూర్తిగా తీరిన బాకీకైనా, చెల్లిస్తానని కొత్తగా రాసి సంతకం చేస్తే భారత ఒప్పందాల చట్టంలోని 25వ సెక్షను ప్రకారం అది చెల్లుబాటయ్యే ఒప్పందం అవుతుంది. నోటు తిరగరాయడమంటే కొత్త అప్పు చేసినంత పని.

ముప్పై రోజుల్లో జవాబు

సమను అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు దాఖలు చేయాలి. కోర్టు కారణాలు నమోదు చేసి 90 రోజుల వరకు గడువు పెంచవచ్చు. ఆపై అత్యంత అరుదైన పరిస్థితుల్లో తప్ప మన్నించరాదని 2005లో కైలాష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొన్ని దావాలు సంక్షిప్త విచారణ పద్ధతిలో వేస్తారు. వాటిలో హాజరయ్యేందుకు ఇచ్చే గడువు 10 రోజులే. తరువాత వాదించుకునేందుకు అనుమతి కూడా విడిగా కోరాలి. సమను ఏ పద్ధతిలో వచ్చిందో న్యాయవాదికి చూపించి ఆ రోజే తెలుసుకోవడం క్షేమం.

కాలదోషం పట్టిన దావాను ప్రతివాది అడగకపోయినా కొట్టివేయాలని కాలపరిమితి చట్టం 3వ సెక్షను చెబుతోంది. అయితే వాది ఒక చెల్లు చూపించి గడువు ఉందని చెప్పినప్పుడు, ఆ చెల్లు నిజం కాదని చెప్పేవారు ఎదుట లేకపోతే కోర్టు ముందు మిగిలేది వాది సాక్ష్యమే. మౌనం వల్ల వచ్చే చిక్కు ఇదే.

జవాబులో ఒప్పుకునేదేదో, కాదనేదేదో విడివిడిగా రాయాలి. గడువు దాటిందా, సంతకం తమదేనా, అసలు ఎంత ముట్టింది, తిరిగి ఎంత చెల్లించారు, వడ్డీ ఏ లెక్కన వేశారు అన్నవి ప్రధానం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. చెల్లించిన సొమ్ముకు రశీదులు, బ్యాంకు ఖాతా వివరాలు, ఫోను ద్వారా పంపిన చెల్లింపుల ఆధారాలు జతచేయాలి.

ఖాళీ నోటుపై సంతకం చేయించుకున్నారన్న ఒక్క మాటతో గట్టెక్కడం కష్టం. సంతకం ఒప్పుకుంటే ప్రతిఫలం ముట్టినట్లుగానే చట్టం మొదట భావిస్తుంది. ముట్టలేదని చూపవలసిన భారం బాకీదారుపై పడుతుంది. అలాగే స్టాంపు లేని ప్రోనోటు సాక్ష్యానికి పనికిరాదు. కానీ ఆ అభ్యంతరం నోటును కోర్టు సాక్ష్యంగా స్వీకరించక ముందే చెప్పాలి. ఆ తరువాత అడిగి లాభం లేదు.

రైతులకు మరో ఆసరా ఉంది. రాజాజీ ప్రభుత్వ కాలంలో 1938లో మద్రాసు రాష్ట్రం చేసిన రైతు రుణ విమోచన చట్టం ఆంధ్ర ప్రాంతంలో కొనసాగుతూ వచ్చింది. ప్రయివేటు అప్పులపై వడ్డీ తగ్గింపును ఈ చట్టం కింద కోరే వీలుంది. అయితే తాను రైతునన్న సంగతి ప్రతివాదే చెప్పి రుజువు చేసుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం వంటివి న్యాయవాదికి చూపించాలి.

తండ్రి రాసిన నోటుపై కుమారులకు సమను వస్తే, వారి బాధ్యత తండ్రి నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే. సొంత సంపాదన నుంచి కట్టనక్కరలేదు. హామీదారు పరిస్థితి వేరు. అప్పు తీసుకున్నవారిని వదిలి నేరుగా హామీదారుపైనే దావా వేసే హక్కు రుణదాతకు ఉంది.

ఏకపక్ష డిక్రీ పడితే..

వాయిదాకు వెళ్లక కోర్టు ఏకపక్షంగా విచారణ మొదలుపెట్టినా, తీర్పు రాకముందు తగిన కారణం చూపి మళ్లీ ప్రవేశించవచ్చు. డిక్రీ వచ్చాక దానిని రద్దు చేయమని 30 రోజుల్లోగా కోరాలి. సమను సక్రమంగా అందని పక్షంలో డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఈ గడువు మొదలవుతుంది. ఆలస్యమైతే కారణం చూపుతూ మరో దరఖాస్తు చేయాలి. ఖర్చులు కట్టమని గానీ, కొంత సొమ్ము డిపాజిట్ చేయమని గానీ కోర్టు షరతు పెట్టవచ్చు.

ఆస్తి అమ్మి తప్పించుకుంటారని వాది చూపగలిగితే తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. అలాంటి నోటీసు వస్తే ఒక్క రోజు కూడా జాప్యం చేయరాదు.

డిక్రీ అమలులోనూ అన్నింటినీ జప్తు చేయడానికి వీల్లేదు. వంట పాత్రలు, పడకలు, కట్టుబట్టలు, సేద్యపు పనిముట్లు, పశువులు, విత్తనాలు, రైతు నివసించే ఇల్లు, కూలీల వేతనం, భవిష్యనిధి సొమ్ముకు సివిల్ ప్రక్రియ స్మృతి 60వ సెక్షను రక్షణ కల్పించింది. ఉద్యోగి జీతంలో మొదటి రూ.1,000, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు ముట్టరాదు. అయితే తోట మీది పంటకు ఇంతటి రక్షణ లేదు. చేలో ఉన్న పంటను జప్తు చేసే పద్ధతి అదే స్మృతిలో ఉంది.

అప్పు కట్టలేకపోతే జైలే అన్నది కూడా నిజం కాదు. సొమ్ము డిక్రీ అమలులో మహిళలను అరెస్టు చేయరాదు. పురుషుల విషయంలోనూ కట్టగల స్తోమత ఉండి ఎగవేశారని తేలాలి. పేదరికం వల్ల కట్టలేనివారిని జైలుకు పంపరాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. చెక్కు చెల్లని కేసులు వేరు. అవి క్రిమినల్ కేసులు కనుక వాటిలో గైర్హాజరైతే వారెంటు రావచ్చు.

బాకీ నిజమైతే రాజీయే దారి

అప్పు నిజమై, గడువూ మిగిలి ఉంటే అబద్ధపు జవాబుతో కాలం గడపడం వల్ల వడ్డీ, కోర్టు ఖర్చులు పెరగడమే మిగులుతుంది. అలాంటివారు కోర్టుకు వెళ్లి వాయిదాలు కోరవచ్చు. తీర్పు సమయంలో వాయిదాలపై చెల్లింపునకు అనుమతించే అధికారం కోర్టుకు ఉంది. డిక్రీ వచ్చాక మాత్రం వాది ఒప్పుకోవాలి. కేసు నడుస్తుండగా లోక్ అదాలత్‌లో రాజీ పడితే వాది కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. బేరంలో ఈ సంగతి బాకీదారుకు పనికొస్తుంది. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు కనుక కట్టగలిగిన మొత్తానికే సంతకం చేయాలి.

డిక్రీ తరువాత సొమ్మును పెద్దమనుషుల ఎదుట చేతికిచ్చి ఊరుకోవడం మరో ప్రమాదం. కోర్టు బయట చేసిన చెల్లింపును కోర్టులో నమోదు చేయించకపోతే అమలు కోర్టు దానిని లెక్కలోకి తీసుకోదు. ఇందుకు 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. లేదంటే ఒకే బాకీని రెండుసార్లు కట్టవలసి వస్తుంది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత సహాయం లభిస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. ఇతరులకు ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కార్యాలయంలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ అడగవచ్చు. వెళ్లేటప్పుడు సమను, దావా ప్రతి, అవి అందిన తేదీ రాసుకున్న కాగితం, చెల్లింపుల రశీదులు వెంట తీసుకెళ్లాలి. సమను అందిన రోజు నుంచే ముప్పై రోజుల లెక్క మొదలవుతుంది కాబట్టి ఆ తేదీని అప్పుడే సమను వెనుక రాసి పెట్టుకోవడం అన్నింటికంటే ముందు చేయవలసిన పని.