లోడరు యంత్రమునకు సీళ్లు కొనుట



ఆత్రేయపురము వంటి డెల్టా గ్రామములలో తడినేల దిగబడును గనుక, చక్రములకు బదులు రబ్బరు పట్టాలపై నడచు చిన్న లోడరు అనుకూలముగ నుండును. దాని బాహువు నెత్తునది సిలిండరులోని నూనె యొత్తిడి. 1795లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన నీటి ప్రెస్సునకును ఇదియే సూత్రము. ఆ యొత్తిడిని జారనీయక నిలుపునవి సీళ్లు. నాడు తోలువి; నేడు రబ్బరు, పాలియురెథేనులవి.

రాడ్డు వెంట నూనె కారినచో రాడ్డు సీలు చెడినదని యెంచవచ్చును. పైకి కారకయే బాహువు క్రిందికి దిగుచున్నచో పిస్టను సీలో, కంట్రోలు వాల్వో కారణము కావచ్చును. కావున కొనుటకు ముందే మేస్త్రీచే పరీక్ష చేయింపవలెను.

బాహువు నెత్తు సిలిండరు వేరు, బకెట్టును వంచు సిలిండరు వేరు. యంత్రపు నంబరును, సిలిండరు లోపలి వ్యాసమును, రాడ్డు వ్యాసమును వ్రాసికొని, పాత సీళ్లను వెంట గొనిపోవలెను. కంటికొలత చాలదు. రాడ్డుపై గీతలున్నచో ముందు దానిని బాగుచేయింపుడు. లేనిచో క్రొత్త సీలును గూడ నది కోసివేయును.

అన్నిటికన్న ముఖ్యము ప్రాణరక్షణ. ఎత్తిన బాహువు క్రింద, గట్టి ఊత బిగింపక, ఎవ్వరిని నిలువనీయకుడు. నూనె కారుచోటును వ్రేలితో తడుమరాదు. ఒత్తిడిలోని సన్నని ధార చర్మమును దూసికొని లోనికి పోవును. గాయము సూదిపోటంతదే యైనను తడయక ఆసుపత్రికి గొనిపోవలెను.