బదరీవృక్షం కింది ప్రవక్త: శరణార్థుల మనోవేదన, సంఘ పరిచర్య

ఉపోద్ఘాతం

2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న తరువాత వేలాది చిన్ ప్రజలు సరిహద్దు దాటి మిజోరాంలో తలదాచుకున్నారు. వారిలో అధిక సంఖ్యాకులు క్రైస్తవులు. అక్కడి సంఘాలూ, యంగ్ మిజో అసోసియేషనూ వారిని రక్తసంబంధులుగా ఎంచి కూడు, గూడు సమకూర్చాయి. అయితే కడుపు నిండినా కంటికి కునుకు రానివారి విషయంలో సంఘం ఏమి చేయాలి? ప్రార్థన చాలునా, లేక వైద్యుడు కావాలా? ఈ రెంటినీ విడదీసి అడగడమే పొరపాటని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

శరణార్థి వేదన స్వభావం

శరణార్థి మూడు చోట్ల గాయపడతాడు: స్వస్థలంలో హింస, దారిలో భయం, చేరిన చోట అనిశ్చితి. మూడవదానిని మనం తరచుగా మరచిపోతాము. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారతదేశం చేరలేదు గనుక, రేపు ఏమవుతుందో అన్న దిగులు శిబిరంలో కూడా వెంటాడుతుంది.

యుద్ధపీడిత ప్రాంతాల ప్రజలలో సుమారు 22 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. దీనిలో రెండు పాఠాలున్నాయి. ఎక్కువమంది దుఃఖం రోగం కాదు, నష్టానికి సహజ స్పందన. కానీ ఐదుగురిలో ఒకరికి దుఃఖానికి మించిన సహాయం అవసరం.

ఏలీయా అనుభవం

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రాణభయంతో పారిపోయిన వ్యక్తి. బదరీవృక్షం కింద మరణాన్ని కోరుకున్నాడు. దేవుడు అతని అవిశ్వాసాన్ని గద్దించలేదు. మొదట నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తరువాత ప్రశ్న అడిగి, అతడు ఒకే మొరను రెండుసార్లు చెప్పినా విన్నాడు. చివరకు పనినీ, తోడుగా ఎలీషానూ ఇచ్చాడు.

మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో కోలుకోవడానికి మూడు దశలు చెప్పారు: భద్రత, జ్ఞాపకము-విలాపము, తిరిగి మనుషులతో కలయిక. ఈ క్రమం ఏలీయా కథకు దగ్గరగా ఉండటం గమనార్హం. భద్రత లేనివానిని గాయపు కథ చెప్పుమని బలవంతపెట్టరాదు. సాక్ష్యం పేరిట వేదికపై నిలబెట్టి చెప్పించడం కూడా ఆ బలవంతమే.

విశ్వాసం: ఔషధమా, భారమా?

మతవిశ్వాసం కష్టాన్ని ఓర్చుకొనే బలమూ కాగలదు, అదనపు భారమూ కాగలదని మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ పరిశోధనలు చూపాయి. దేవుడు తోడున్నాడనుకొనేవాడు నిలదొక్కుకుంటాడు. దేవుడు శిక్షించాడనుకొనేవాడు కుంగిపోతాడు. అందుచేత "నీ విశ్వాసం తక్కువైంది" అనే కాపరి మాట గాయాన్ని రేపుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దానిని చదవనిచ్చే సంఘంలో శరణార్థి తన మొరకు చోటు కనుగొంటాడు.

సంఘం చేయదగినది

2007లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సహాయాన్ని నాలుగు అంతస్తులుగా చూపాయి: కనీసావసరాలు-భద్రత, కుటుంబ-సమాజ ఆసరా, శిక్షణ పొందినవారి ప్రత్యేక తోడ్పాటు, నిపుణుల వైద్యం. సంఘం బలం ముఖ్యంగా రెండవ అంతస్తులో ఉంది: కలిసి పాడటం, మృతులను స్మరించడం, పిల్లలకు బడి, పెద్దలకు బాధ్యత.

వారాల తరబడి నిద్రాహారాలు లేకపోయినా, లేని స్వరాలు వినబడినా, ఆత్మహత్య మాట వచ్చినా ఆలస్యం చేయక వైద్యుని యొద్దకు తీసుకొనిపోవాలి. 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో లభిస్తుంది. ఇది ప్రార్థనకు ప్రత్యామ్నాయం కాదు, ప్రార్థనలో భాగమే.

అన్యమతస్థుల మధ్య

మన హైదరాబాదు బాలాపూర్ ప్రాంతంలో రోహింగ్యా ముస్లిములు నివసిస్తున్నారు. వారికి ఆసరా వారి నమాజు, వారి ఇమాము. సహాయాన్ని మతవ్యాప్తికి వాడరాదని 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి చెబుతున్నది. అన్నీ పోగొట్టుకున్నవానికి మిగిలిన విశ్వాసాన్ని కూడా రొట్టెకు బదులుగా అడగడం ప్రేమ కాదు.

ముగింపు

దేవదూత ఏలీయాకు ముందుగా ప్రసంగం చేయలేదు, భోజనం పెట్టాడు. ప్రయాణం దూరమని ఎరిగి మరల పెట్టాడు. శరణార్థి ప్రయాణమూ దూరమే. ఒకసారి వెళ్లి ప్రార్థించి వచ్చే పరిచర్య చాలదు. మరల వెళ్లేవారు కావాలి.