వృత్తి ఆరోగ్యం

వృత్తి ఆరోగ్యం అనగా మనిషి చేసే పని అతని ఆరోగ్యాన్ని చెడగొట్టకుండా కాపాడే శాస్త్ర విభాగం. పని వలన కలిగే వ్యాధులను గుర్తించడం, వాటి కారణాలను కనుగొనడం, అవి రాకుండా నివారించడం దీని ముఖ్య విషయాలు. గని, కర్మాగారం, పొలం, ఆసుపత్రి, కార్యాలయం మొదలైన పనిచోట్లన్నీ దీని పరిధిలోకి వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త సంఘం 1950లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అన్ని వృత్తులవారి శారీరక, మానసిక, సామాజిక క్షేమాన్ని అత్యున్నత స్థాయిలో నిలపడం దీని లక్ష్యం. పనిని మనిషికి తగినట్లు మలచాలన్నది ఆ నిర్వచనంలోని మూలసూత్రం.

పనిచోట జరిగే ప్రమాదం వెంటనే కంటికి కనిపిస్తుంది. వృత్తి వ్యాధి అలా కాదు. అది సంవత్సరాల తరబడి నెమ్మదిగా పెరిగి, ఒక్కొక్కసారి ఉద్యోగ విరమణ తరువాత బయటపడుతుంది. అందువలననే వ్యాధికి, పనికి గల సంబంధం తరచుగా మరుగున పడిపోతుంది.

చరిత్ర

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ (1633-1714) ఈ శాస్త్రానికి పితామహుడు. మొడెనా నగరంలో మరుగుగుంటను శుభ్రం చేస్తున్న ఒక కార్మికుని కళ్ళు దెబ్బతినడాన్ని గమనించి, ఆయన వివిధ వృత్తులవారి వ్యాధులను పరిశీలించసాగాడు. ఆ పరిశీలనలను 1700లో గ్రంథంగా ప్రచురించాడు. వైద్యుడు రోగిని అడగవలసిన ప్రశ్నలకు "నీవు ఏమి పని చేస్తావు?" అన్న ప్రశ్నను కూడా చేర్చాలని ఆయన బోధించాడు.

ఇంగ్లండులో పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి వచ్చే ఒక రకం క్యాన్సరుకు మసి కారణమని పెర్సివాల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో తెలియజేశాడు. వృత్తికి, క్యాన్సరుకు గల సంబంధాన్ని చూపిన తొలి పరిశీలనలలో ఇది ఒకటి. భారతదేశంలో మొదటి కర్మాగారాల చట్టం 1881లో వచ్చింది.

హాని కలిగించే అంశాలు

పనిచోట ఆరోగ్యానికి హాని చేసేవాటిని సాధారణంగా ఐదు రకాలుగా విభజిస్తారు.

* భౌతికమైనవి: అధిక వేడి, శబ్దం, యంత్రాల ప్రకంపనలు, రేడియేషన్.
* రసాయనికమైనవి: ధూళి, విషవాయువులు, సీసము వంటి లోహాలు, పురుగుమందులు.
* జీవసంబంధమైనవి: ఆసుపత్రులలోను, పశువుల పెంపకంలోను, పారిశుద్ధ్య పనులలోను సోకే సూక్ష్మక్రిములు.
* శరీర శ్రమకు సంబంధించినవి: బరువులు ఎత్తడం, ఎక్కువసేపు వంగి లేదా ఒకే భంగిమలో పని చేయడం.
* మానసికమైనవి: పని ఒత్తిడి, రాత్రి షిఫ్టులు, వేధింపులు.

కొన్ని వృత్తి వ్యాధులు

సిలికోసిస్: రాతి గనులు, క్రషర్లు, రాయి చెక్కే పనులలో వెలువడే సన్నని సిలికా ధూళి వలన వస్తుంది. కంటికి కనిపించనంత చిన్న కణాలు ఊపిరితిత్తుల లోతులకు చేరి, అక్కడి కణజాలాన్ని గట్టిపరుస్తాయి. క్రమంగా ఆయాసం పెరుగుతుంది. పూర్తిగా నయం చేసే మందు లేదు. ఆ పని మానివేసిన తరువాత కూడా వ్యాధి ముదరవచ్చు.

బిస్సినోసిస్: పత్తి, నార ధూళి పీల్చేవారికి వస్తుంది. వారాంతపు సెలవు తరువాత తిరిగి పనిలో చేరిన రోజున ఛాతీ బిగపట్టడం దీని తొలి లక్షణం.

సీసపు విషం: బ్యాటరీలు, రంగుల తయారీ పనులలో వస్తుంది. కడుపునొప్పి, రక్తహీనత, మణికట్టు బలహీనపడడం దీని లక్షణాలు. బట్టలకు అంటిన సీసపు ధూళి ఇంటిలోని పిల్లలకు కూడా హాని చేస్తుంది.

వినికిడి లోపం: అధిక శబ్దం మధ్య సంవత్సరాల తరబడి పని చేసేవారికి వస్తుంది. భారతదేశపు కర్మాగారాల నిబంధనలలో 8 గంటల పనికి 90 డెసిబెల్స్‌ను పరిమితిగా పెట్టారు. శబ్దం 95 డెసిబెల్స్ అయితే ఈ వ్యవధి 4 గంటలకు తగ్గుతుంది.

పురుగుమందుల విషం: పత్తి, మిరప ఎక్కువగా పండే గుంటూరు, వరంగల్ వంటి ప్రాంతాల రైతులకు, కూలీలకు ఇది ముఖ్యమైన సమస్య. మందు నోటి ద్వారానే కాక చర్మం ద్వారా, శ్వాస ద్వారా కూడా శరీరంలోకి చేరుతుంది. అధిక చెమట, చొంగ, కంటిపాపలు చిన్నవి కావడం ఆర్గానోఫాస్ఫేట్ మందుల విష లక్షణాలు.

పచ్చి పొగాకు జబ్బు: తడిసిన పొగాకు ఆకులను కోసేటప్పుడు నికోటిన్ చర్మం గుండా రక్తంలో చేరి వాంతులు, తల తిరగడం కలుగుతాయి.

గుర్తింపులో ఇబ్బందులు

సిలికోసిస్ లక్షణాలు క్షయ లక్షణాలను పోలి ఉంటాయి. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఎక్కువ. అందువలన చాలామంది రాతి కార్మికులను క్షయరోగులుగానే భావించి చికిత్స చేస్తారు. వైద్య పత్రంలో సిలికోసిస్ అని నమోదు కానప్పుడు రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది, కార్మికుని కుటుంబం నష్టపరిహారం కోరడానికి ఆధారం ఉండదు. రెండవది, అదే ధూళిలో పని చేస్తున్న ఇతరులను కాపాడే చర్యలు మొదలుకావు. ఛాతీ ఎక్స్‌రేతో పాటు రోగి గతంలో చేసిన పనులన్నిటి వివరాలు తెలుసుకుంటేనే సరైన నిర్ధారణ సాధ్యం. రామజ్జినీ ప్రశ్నకు ఇప్పటికీ విలువ ఉండడానికి ఇదే కారణం.

నివారణ

నివారణ చర్యలను ప్రాధాన్య క్రమంలో ఇలా చెబుతారు.

1. హానికర పదార్థాన్ని లేదా పద్ధతిని పూర్తిగా తొలగించడం.
2. దాని స్థానంలో తక్కువ హాని కలదానిని వాడడం.
3. యంత్రపరమైన ఏర్పాట్లు చేయడం. ఉదాహరణకు క్రషర్ వద్ద నీటిని చిమ్మి ధూళిని అణచడం, శబ్దం చేసే యంత్రానికి మూత అమర్చడం.
4. పని వేళలను, పద్ధతులను మార్చడం. ఉదాహరణకు ఎండ తీవ్రమైన వేళలలో విరామం ఇవ్వడం.
5. మాస్కు, చేతితొడుగులు, చెవి రక్షణల వంటి వ్యక్తిగత పరికరాలు ఇవ్వడం.

వ్యక్తిగత పరికరాలకు ఈ క్రమంలో చివరి స్థానం ఇవ్వడానికి కారణం కలదు. మాస్కు గాలిలోని ధూళిని తగ్గించదు. ముఖానికి సరిగా అమరకపోయినా, వేడికి తట్టుకోలేక తీసివేసినా రక్షణ పోతుంది. ముఖానికి చుట్టుకునే తువ్వాలు సన్నని సిలికా కణాలను ఆపలేదు. కేవలం మాస్కు ఇచ్చి ఊరుకుంటే రక్షణ భారమంతా కార్మికునిపైనే పడుతుంది. ధూళి పుట్టేచోటనే దానిని అరికడితే అందరికీ రక్షణ కలుగుతుంది.

చట్టాలు, సంస్థలు

భారత రాజ్యాంగంలోని 39వ అధికరణం కార్మికుల ఆరోగ్యం దుర్వినియోగం కాకుండా చూడాలని, 42వ అధికరణం న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులు కల్పించాలని నిర్దేశిస్తున్నాయి. కార్మికుని ఆరోగ్య హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు ఇచ్చింది. వారి ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరినప్పటి నుండి 40 సంవత్సరాలు లేదా విరమణ తరువాత 15 సంవత్సరాలు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది.

1948 నాటి కర్మాగారాల చట్టం దశాబ్దాల పాటు ఈ రంగంలో ప్రధాన చట్టంగా ఉన్నది. దానితో సహా 13 చట్టాల స్థానంలో 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. సొంత పొలంలో పని చేసే రైతులకు, ఇళ్ళలో నడిచే చిన్న పనిచోట్లకు ఇటువంటి చట్టాల రక్షణ అందడం కష్టం. పురుగుమందుల విషం వంటి సమస్యలలో అవగాహనకు ప్రాధాన్యం రావడానికి ఇది ఒక కారణం.

అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఈ విషయాలపై పరిశోధనలు చేస్తుంది. సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో పనికి సంబంధించిన ప్రాథమిక సూత్రాలు, హక్కులలో చేర్చింది. ప్రతి సంవత్సరం ఏప్రిల్ 28న పనిచోట భద్రత, ఆరోగ్యాల ప్రపంచ దినం జరుపుతారు.

ఇవి కూడా చూడండి

* సిలికోసిస్
* క్షయ
* అంతర్జాతీయ కార్మిక సంస్థ