నారింజ చొక్కా జింకకు ఎలా కనిపిస్తుంది?

నవంబరు వచ్చిందంటే అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో తెల్లతోక జింకల వేట జోరందుకుంటుంది. తుపాకీతో అడవిలోకి వెళ్లేవారు మెరిసే నారింజ రంగు చొక్కా, టోపీ వేసుకోవాలని అక్కడ చాలాచోట్ల చట్టమే ఉంది. పొదలో కదిలింది జింకేననుకుని తోటి వేటగాణ్ని కాల్చేసిన ప్రమాదాలే ఇందుకు కారణం. మరి అంత కొట్టొచ్చే రంగు చూసి జింక పారిపోదా?

ఆ రంగు చూసి మాత్రం పారిపోదు. మన కంట్లో రంగుల్ని గుర్తించే శంకు కణాలు మూడు రకాలు. జింకకు ఉన్నవి రెండే. ఒకటి నీలానికి, రెండోది 537 నానోమీటర్ల దగ్గరి పచ్చని కాంతికి బాగా స్పందిస్తాయి. జెరాల్డ్ జేకబ్స్ బృందం జింకల కంటిలోని విద్యుత్ స్పందనల్ని కొలిచి, 1994లో ఈ వివరాలు ప్రచురించింది. నారింజ కాంతి 600 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దాన్ని ఆకుపచ్చ నుంచి వేరుచేసి చూపే మూడో రకం కణాలు జింకకు లేవు కాబట్టి, మనకు మంటలా కనిపించే చొక్కా దానికి ఆకుల రంగులో కలిసిపోతుంది. (ఎర్రగుడ్డ చూసి ఎద్దు రెచ్చిపోతుందన్నదీ ఇలాంటి అపోహే. దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ కదలిక.)

అసలు చిక్కు నీలంతో. ఆకులకు సరిపోయే చొక్కా కొని, కింద జీన్స్ తొడుక్కుంటే ప్రయోజనం లేదు. బట్టలు తళతళలాడేందుకు వాషింగ్ పౌడర్లలో కలిపే రసాయనాలు అతినీలలోహిత కిరణాల్ని పీల్చుకుని నీలి కాంతిని వెదజల్లుతాయి. జింక బాగా చూడగలిగేది ఆ కాంతినే. అందుకే వేట దుస్తుల్ని అలాంటి పౌడర్లతో ఉతకొద్దంటారు. ఇంత చేసినా, గాలివాటం చూసుకోకుండా నిలబడితే వాసనే పట్టిస్తుంది.

మన దేశంలో జింకల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కనుక ఈ సలహాలతో మనకు పనిలేదు. కానీ ఇదే కిటుకు నల్లమలలో పులికి రోజూ అక్కరకొస్తోంది. క్షీరదాల వెంట్రుకలకు ఆకుపచ్చ వర్ణకం తయారుచేసుకునే శక్తి లేదు. పులికి ఆ అవసరమూ లేదు, దుప్పి కంటికి నారింజ చర్మం పచ్చగడ్డిలో కలిసిపోతుంది మరి. చెట్టు మీది కొండముచ్చుకు మాత్రం మనలాగే మూడు రకాల శంకు కణాలున్నాయి. దాని హెచ్చరిక కూత వినపడగానే కింద మేస్తున్న దుప్పులు తలెత్తి చూస్తాయి.