చంద్రుడికి మూడున్నర గంటలు

పులి ఒంటరిగా వేటాడుతుంది. మూడు పులులు జట్టుకట్టి మంద మీద పడవు. పదిహేను మేకలు కూడబలుక్కుని పులిని మూలకు తోసి కదలకుండా కట్టెయ్యవు. జంతుశాస్త్రం ప్రకారం చూస్తే మన పులి-మేక ఆట మొత్తం అబద్ధమే. అయినా రావికమతంలోనో కొత్తకోటలోనో అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి కూర్చున్నవాళ్లకు ఆ అనుమానమే రాదు. ఆ 23 కూడళ్ల మీద వాళ్లకు దొరికే నిజం వేరు. దూకడానికి ఖాళీ లేకపోతే బలవంతుడైనా చిక్కుతాడు, ఒక్క మేక తొందరపడితే మందంతా పోతుంది.

సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌ల నియమాలు రాసేవాళ్ల మధ్య దాదాపు యాభై ఏళ్లుగా నలుగుతున్న తగాదా కూడా ఇదే. నియమంలో నిజం ఎంత ఉండాలి, సరదా ఎంత ఉండాలి?

ఈ ఆటల్లో ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. కథ మాటల్లో నడుస్తుంది. ఏమవుతుందో తెలియని చోట పాచికలు వేస్తారు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ పద్ధతికి దారి వేసింది. 1977లో అమెరికాలో మార్క్ మిల్లర్ ‘ట్రావెలర్’తో దాన్ని నక్షత్రాల మధ్యకు తీసుకెళ్లాడు. మూడు సన్నటి నల్ల పుస్తకాలు, రెండు మామూలు పాచికలు, అంతే సరంజామా. ఆరు ముఖాల పాచికలు చాలు. ఎనిమిదో అంతకన్నా ఎక్కువో పడితే పని అయినట్టు. అంటే రెండు పాచికలు పడే 36 తీరుల్లో 15 మనవైపు.

ఆ నియమాల్లో ప్రయాణకాలానికి బడిలో చదువుకున్న భౌతికశాస్త్రమే ఆధారం. సగం దూరం వేగం పెంచుకుంటూ పోవాలి, మిగతా సగం తగ్గించుకుంటూ రావాలి. భూమ్యాకర్షణకు సమానమైన త్వరణంతో లెక్క వేస్తే చంద్రుడికి మూడున్నర గంటలు. అయిదున్నర కోట్ల కిలోమీటర్ల దూరానికి దగ్గరైనప్పుడు అంగారకుడికి 41 గంటలు పైనే. లెక్క తప్పు కాదు. అంత త్వరణంతో అన్ని గంటలు ఆగకుండా మండే ఇంజనే మన దగ్గర లేదు. మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 దిగడానికి 40 రోజులు పట్టింది. 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న గాని అంగారకుడి కక్ష్యలో చేరలేదు. బయల్దేరే ముహూర్తం తప్పితే మరో 26 నెలలు ఆగాల్సిందే. ఆ నిజాన్ని ఉన్నదున్నట్టు ఆటలో పెడితే సాయంత్రమంతా కిటికీలోంచి చీకటి చూస్తూ కూర్చోవాలి.

అందుకే మిల్లర్ ఇంజన్ని కల్పించాడు, దాని పర్యవసానాలను మాత్రం కల్పించలేదు. నక్షత్రం నుంచి నక్షత్రానికి దూకితే, ఒక్క దూకులో అందే దూరం ఎంతైనా వారం పడుతుంది. ఓడకన్నా ముందు ఏ కబురూ చేరదు. ఈ ఒక్క నియమంతో రాజధానిలో రాజు మారిన సంగతి సరిహద్దుకు నెలల తరబడి తెలియదు. తంతి రాకముందు మన్యానికి ఉత్తరం మోసిన కాలం అంతరిక్షంలో మళ్లీ వచ్చినట్టుంటుంది. ఇంధనం సంగతీ అంతే. రేవులో శుద్ధి చేసినది కొనాలంటే డబ్బు కావాలి. గురుడిలాంటి వాయుగ్రహం అంచున తోడుకుంటే ఉచితమే, కానీ శుద్ధి చెయ్యనిది వాడితే గురి తప్పి ఎక్కడో తేలే ప్రమాదం ఉంది. జేబులో చిల్లర లేని నాయకుడు ఏం చేస్తాడు? అక్కడ ఆట రక్తి కడుతుంది.

పాత్ర తయారీ మరీ కఠినం. 18 ఏళ్లకు నౌకాదళంలోనో సైన్యంలోనో చేరతారు. నాలుగేళ్లకోసారి విద్యలు వస్తాయి, అప్పుడే ప్రాణం నిలిచిందో లేదో పాచిక చెబుతుంది. 34 రాగానే ముసలితనం మొదలవుతుంది. ఆట మొదలవకముందే పాత్ర చచ్చిపోవచ్చు! తర్వాతి కూర్పుల్లో చావును గాయంగా మార్చారు. నాకు పాత పద్ధతే ఇష్టం. ఇంకో నాలుగేళ్లు ఆశపడాలా, ఉన్నదాంతో బయటపడాలా అని ఆటగాడు నిజంగా వణుకుతాడు.

ఓడల పోరాటంలో మాత్రం బల్ల మీద గతిని గీసి కొలిచే పద్ధతి చాలామందికి భారమైంది. 1983 కూర్పులో దాని బదులు దూరాలను పట్టీలుగా విడగొట్టారు. ఆ మార్పు న్యాయమే. 1987లో వెస్ట్ ఎండ్ గేమ్స్ తెచ్చిన స్టార్‌వార్స్ ఆట లెక్కల కన్నా సినిమా వేగానికే పెద్దపీట వేసింది. అదీ తప్పు కాదు, అది చెప్పే కథకు అదే కావాలి.

ఆటగాడి చేత కూడికలు మాత్రమే చేయించే నిజాన్ని నేను తీసేస్తాను. తెగించి తేల్చుకోమనే నిజాన్ని ఎంత కష్టమైనా ఉంచుతాను. మన చోడవరం కాలేజీ పిల్లలు తెలుగులో ఇలాంటి ఆట రాసుకుంటే మొదటి నియమం మంగళయాన్ నుంచే తీసుకోవచ్చు. అది కక్ష్యలో చేరిన రోజు అంగారకుడి నుంచి సంకేతం భూమికి చేరడానికి పన్నెండు నిమిషాలు పైనే పట్టింది. ఆటలో ఓడలో పొగ వస్తోంది, భూమిని సలహా అడిగారు. అడగడానికి పన్నెండు, జవాబు రావడానికి మరో పన్నెండు. ఆట నడిపే రిఫరీ గడియారం బల్ల మీద పెడతాడు, ఆ లోపల ఏ తలుపు మూయాలో ఆటగాళ్లే చెప్పాలి.